బంతిలో బయటి చోటు

గట్టు కింద కళ్లానికి తూర్పున ఒక తుమ్మచెట్టు ఉంది. దాని మీదే నా కాపురం. నేను కాకిని. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ, ముందే చెబుతున్నాను. నా ముక్కుకి చిక్కం కట్టగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. అందుకని, మూతికి చిక్కాలు కట్టించుకున్నవాళ్ల కథ నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆ పొలం, ఆ కళ్లం, పక్కనున్న దివాణం, అన్నీ ఎలుగు కామందువి. ఆయన పని చేస్తుండగా చూసినవాళ్లు లేరు. తేనె తాగి పడుకుని, ఎప్పుడో లేచి, "పని ఎంతవరకొచ్చింది?" అని ఒక్క మాట అడిగి మళ్లీ పడుకునేవాడు. ఆ ఒక్క మాటకి జవాబు చెప్పడానికి ఒక గుమాస్తా ఉండేవాడు. ఎవరో మీకు తెలిసే ఉంటుంది, నక్క. ఆ ఉద్యోగానికి ఇంకెవరు పనికొస్తారు చెప్పండి.

వరి కోతలయ్యాక పనలన్నీ, అంటే కోసిన వరి కట్టలన్నీ, కళ్లంలో పరిచేవారు. మధ్యలో ఒక రాట. పశువుల్ని పక్కపక్కన నిలబెట్టి, మెడలన్నీ ఒకే పలుపుతో కలిపి కట్టి, ఆ రాట చుట్టూ తిప్పేవారు. దాన్నే బంతి అంటారు. వాళ్లు తిరిగి తిరిగి తొక్కితే గింజ రాలుతుంది. కాళ్ల కింద అంత తిండి ఉంటే ఎవరి మూతైనా కిందికి వంగుతుంది కదా. వంగకుండా ప్రతి మూతికీ పీచుతాడుతో అల్లిన చిక్కం ఒకటి బిగించేవారు. అంటే మోకాలి లోతు అన్నంలో నడుస్తూ ఆకలితో మాడాలన్నమాట. ఇది ఎవరికి తట్టిన ఆలోచనో గాని, వాడు మాత్రం కడుపునిండా తినే ఆలోచించి ఉంటాడు.

ఆ ఏడు బంతిలో ఐదుగురు ఉన్నారు. రాటని ఆనుకుని లోపలి చోట ముసలావు పుల్లమ్మ. ఆమె పక్కన జోడు గిత్తలు. ఒకే ఈతలో పుట్టిన కవలలు వాళ్లు, ఒకడు తల ఆడిస్తే రెండోవాడూ ఆడించేవాడు. వాళ్ల పక్కన చుక్కడు, నుదుటి మీద తెల్లచుక్క ఉన్న నెమ్మదస్తుడు. అందరికంటే బయట, ఆ కొసన మైలడు. మంచి వయసులో ఉన్న ఎద్దు, గొంతు కూడా పెద్దదే.

బంతి గురించి ఒక్క సంగతి చెప్పి కథలోకి వెళతాను. లోపల ఉన్నవాళ్లు చిన్న చుట్టు తిరుగుతారు. బయట ఉన్నవాడు అదే వేళకి పెద్ద చుట్టు తిరగాలి, కాబట్టి దాదాపు పరుగే. ఎండ ముందు తగిలేది వాడికే. గుమాస్తా చెర్నాకోల అందేదీ వాడికే. గుమాస్తాగారు నీడలో కూర్చుని ఉడకబెట్టిన పీతలు తింటూ కనిపించేదీ వాడికే. లోపలివాళ్లకి పక్కవాడి డొక్క తప్ప ఇంకేం కనిపించదు.

ఆ ఏడు చిక్కాలు కొత్తవి వేశారు. పుల్లమ్మ మూతి ఒరుసుకుపోయి పచ్చిపుండయింది. సాయంత్రం చిక్కం తీసి గడ్డి వేసినా నమల్లేకపోయేది. ఒక పరక నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, మళ్లీ కింద వదిలేసేది. ఆ దివాణంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. నూర్పిళ్లు అయిన మర్నాడు గట్టు అవతలినుంచి తోడేలు బేరగాడు వస్తాడు. అప్పటికి తన కాళ్ల మీద నిలబడలేని పశువుని తోలుకుపోతాడు. ఎక్కడికని అడక్కండి. పుల్లమ్మ రోజురోజుకీ చిక్కిపోతోంది. ఆమెకి కావలసింది రెండే. ఆ చిక్కం ఊడాలి, నూర్పిళ్లయ్యేదాకా నిలబడాలి.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం మైలడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. వాడు ఆగితే పలుపు బిగిసింది, పలుపు బిగిసేసరికి అందరూ ఆగారు. గుమాస్తా పీత కాలు నోట్లోంచి తీసి, ఏమిట్రా అని అడిగాడు.

"గింజ తొక్కేది మేము, నోరు కట్టేదీ మాకే. ఈ చిక్కాలు తీసేదాకా అడుగు పడదు," అన్నాడు మైలడు.

పుల్లమ్మ మూతి చూడమన్నాడు. ఇంకా చాలా అన్నాడు గాని సారం అదే. గుమాస్తా చెర్నాకోల తీశాడు. కొడితే బంతి అంతా మెలికపడి, మెడలు మెలికపడి, రాట ఊగిందే తప్ప అడుగు పడలేదు. చుక్కడికి, గిత్తలకి అప్పటిదాకా ఏ ఉద్దేశమూ లేదు, దేవుడి సాక్షిగా నాకు తెలుసు. కానీ ఒకే పలుపుకి కట్టేశాక మైలడు ఆగితే వాళ్లు ఎలా నడుస్తారు? ఆగినవాళ్లు ఊరికే నిలబడ్డం ఎందుకని వాళ్లూ చిక్కాలు తీయమన్నారు. ఐదుగురినీ ఒకటి చేసింది మైలడి ఉపన్యాసం కాదు, కామందు కట్టించిన పలుపే. ఈ సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

రెండో రోజు కూడా అడుగు పడలేదు. గుమాస్తాకి నిద్ర కరువైంది. కామందు లేచి ఆ ఒక్క మాట అడిగితే ఏం చెప్పాలి? సరిగ్గా అప్పుడే చెరువు గట్టు నుంచి కొంగగారు దిగారు.

కొంగగారు చదువుకున్నవారు. సమాజశాస్త్రంలో దిట్ట అని పేరు. అంతకుముందు చీమల పుట్టలో కూలి సమస్య మీద పరిశోధన చేశారట. ఆ చీమలు ఇప్పుడు లేవు, పరిశోధన ఉంది. ఒంటికాలి మీద కళ్లం అంచున నిలబడి, తల ఒక పక్కకి వాల్చి, ఒక్కొక్కర్నీ వేరువేరుగా ఒకే ప్రశ్న అడిగారు. మీ నాయకుడెవరని.

ఎవరూ లేరని చుక్కడన్నాడు. ఎవరూ లేరని గిత్తలిద్దరూ కూడబలుక్కున్నట్టు అన్నారు. నాయకుడంటే ఏం చేస్తాడు బాబూ అని పుల్లమ్మ ఎదురడిగింది. మైలడైతే, "నాయకుడూ లేడు గీయకుడూ లేడు, ఎండ ఉంది," అన్నాడు.

ఇంతమంది ఒకే జవాబు చెబుతున్నారంటే దాని వెనక ఎంత పెద్ద నాయకత్వం ఉండాలి అని కొంగగారు తేల్చారు. బురదలో ముక్కుతో ఒక బొమ్మ గీశారు. మధ్యలో చుట్టు, చుట్టూ గీతలు, ఒక గీత చివర పెద్ద చుక్క. అదే మైలడన్నారు.

"ఉద్యమం అంటే మొక్క గుమాస్తాగారూ. ఎంత గుబురుగా కనిపించినా దానికి తల్లివేరు ఒకటే ఉంటుంది. ఆకులు దూస్తే లాభం లేదు. వేరు లాగేయండి, అదే వాడిపోతుంది."

బంతిని దగ్గరుండి చూసినవాడెవడూ ఆ మాట అనడు. కానీ కొంగగారు ఎప్పుడూ కళ్లంలో కాలు పెట్టినవారు కాదు, ఒడ్డున నిలబడేవారు. గుమాస్తా అంతకన్నా దూరంగా, నీడలో ఉండేవాడు. ఇద్దరికీ ఆ మాట అమృతంలా తోచింది.

వేరు లాగడానికి గుమాస్తాకి ఒక ఉపాయం దొరికింది. ఆ దివాణంలో పాత ఆచారం ఒకటుంది. కామందు ఏ పశువు కొమ్ములకైనా ఎర్రగుడ్డ కడితే అది మేస్త్రీ అయినట్టు. ఇక బతికున్నంతకాలం దాని మెడకి పలుపు వేయకూడదు, మూతికి చిక్కం కట్టకూడదు. బంతి వెనక నడుస్తూ 'హై హై' అని అదిలించడమే దాని పని. రోజూ తొట్టిలో తవుడు. ఎర్రగుడ్డని ఎవరైనా విప్పితే దివాణానికి అరిష్టమని కామందుగారి తాతల కాలంనుంచీ నమ్మకం. ఆ విషయంలో ఎలుగు కామందు ఎవరి మాటా వినడు.

మైలడికి మేస్త్రీగిరీ ఇస్తామన్నారు. వాడు ఒక పూట ఆలోచించాడు. పుల్లమ్మ వైపు చూశాడు, తొట్టి వైపు చూశాడు. మేస్త్రీనై పైకెళితే మీ అందరి సంగతి నేనే కామందుకి చెబుతానుగా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి మనసులో కల్మషం లేదు. పుల్లమ్మ తల ఊపింది. కామందు ఆవలిస్తూ వచ్చి కొమ్ములకి ఎర్రగుడ్డ కట్టి, ఆవలిస్తూ వెళ్లి పడుకున్నాడు.

మర్నాడు మైలడు బంతి వెనక నడిచాడు. మొదట్లో సిగ్గుపడుతూ హై అన్నాడు. పొద్దెక్కేసరికి గొంతు విచ్చుకుంది. సాయంత్రం తవుడు తిని తుమ్మచెట్టు కింద నెమరేస్తుంటే అడిగాను, చిక్కాల సంగతి కామందుకి ఎప్పుడు చెబుతావు మైలన్నా అని.

"నీకు తెలీదే కాకీ. అక్కడినుంచి చూస్తే ఒకలా ఉంటుంది, ఇక్కడినుంచి చూస్తే ఒకలా ఉంటుంది. మూతులు విప్పేస్తే ఎవరి ఇష్టం వాళ్లది అయిపోతుంది. పని జరగొద్దూ?"

వాడు అబద్ధం చెప్పడం లేదు, అదే నాకు ఒళ్లు మండించింది. అబద్ధమైతే తిట్టిపోయొచ్చు. వాడు నమ్మి చెబుతున్నాడు. ఆ నమ్మకం వచ్చి పూటైనా కాలేదు.

ఇక బంతిలో నలుగురు. కొసన ఇప్పుడు చుక్కడు. ఇన్నేళ్లూ మైలడి పక్కన నీడలో నడిచినవాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనని నెమ్మదస్తుడు. మొదటి రోజు తల వంచుకుని తిరిగాడు. రెండో రోజు కాళ్లు లాగుతున్నాయన్నాడు. ఎండ ఇంత ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదన్నాడు. గుమాస్తా ఇన్ని పీతలు తింటాడా అని ఆశ్చర్యపోయాడు. మూడో రోజు వీపు మీద చెర్నాకోల చురుక్కుమనగానే ఆగిపోయి, "గింజ తొక్కేది మేము, నోరు కట్టేదీ మాకే. ఈ చిక్కాలు తీసేదాకా అడుగు పడదు," అన్నాడు. అచ్చం మైలడి మాటే, ఒక్క అక్షరం తేడా లేదు. వెనకనుంచి మైలడు, క్రమశిక్షణ లేని మాటలు మాట్లాడకు చుక్కా అని గద్దించాడు. సిగ్గులేనోడా అని చుక్కడు వాడి మీద ఉమ్మబోయాడు గాని చిక్కం అడ్డమొచ్చింది.

గుమాస్తా పరుగున కొంగగారి దగ్గరికి వెళ్లాడు. వేరు లాగేశాం కదా, మళ్లీ ఎలా మొలిచిందన్నాడు. కొంగగారు ఏమాత్రం తొణకలేదు. మైలడు పిలక మాత్రమేనట. అసలు వేరు ఇంత నెమ్మదిగా కనిపించేవాడిలోనే దాక్కుంటుందట. బురదలో బొమ్మ చెరిపి, పెద్ద చుక్కని కొంచెం లోపలికి జరిపారు.

చుక్కడికీ ఎర్రగుడ్డ పడింది. ఉమ్మబోయిన చోటే వాడూ మైలడి పక్కన నిలబడి హై హై అన్నాడు. మర్నాటికి ఇద్దరూ ఒకే తొట్టిలో తవుడు తింటూ ఇప్పటి పశువులకి పని మీద శ్రద్ధ లేదని వాపోయారు.

తరవాత సంగతి మీరే చెప్పగలరు. పెద్ద గిత్త కొసకి వచ్చాడు, కొసకి రాగానే వాడికీ అదే మాట వచ్చింది. వాడికి గుడ్డ కట్టబోతే తమ్ముడు లేకుండా నేనెక్కడికీ రానని మొరాయించాడు. తమ్ముడు కూడా ఎలాగూ రేపో మాపో కొసకి వచ్చేవాడే కదా, ముందే కట్టేస్తే పీడ వదులుతుందని కొంగగారు సలహా చెప్పారు. ఇద్దరికీ ఒకే పూట కట్టారు. ప్రతిసారీ కామందు, గొడవ తగ్గిందా అని అడగడం, వేరు దొరికింది దొరా అని గుమాస్తా చెప్పడం, ఆయన గుడ్డ కట్టి పడుకోవడం. ఎవరు ఎక్కడినుంచి లేచి వచ్చి గుడ్డ కట్టించుకుంటున్నారో ఆయన చూడనేలేదు.

ఇప్పుడు బంతిలో పుల్లమ్మ ఒక్కతే. లోపలి చోటూ ఆమెదే, బయటి కొసా ఆమెదే. వెనకాల నలుగురు మేస్త్రీలు. ఒక ముసలావు ఈడ్చుకుంటూ నడవడం, దాని వెనక నాలుగు మాంచి వయసు ఎద్దులు వరసగా నడుస్తూ హై హై అనడం. అంతటి అదిలింపు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. మూతి పుండు నుంచి నెత్తురు చిక్కంలోకి దిగుతోంది. ఆమె ఒకే ఒక్కసారి వెనక్కి తిరిగి, "ఒరే అబ్బాయిలూ, మీకు గుర్తులేదా?" అంది. నలుగురూ తలలు దించుకున్నారు. కాసేపటికి ఒకడు హై అన్నాడు, మిగతావాళ్లు అందుకున్నారు. నేను చెట్టు మీదనుంచి ఆ నలుగురి నెత్తినా రెట్ట వేశాను. నాకు చేతనైన పోరాటం అదొక్కటే.

పుల్లమ్మ ఆగలేదు. ఆగితే తోడేలు బేరగాడి లెక్కలోకి పోతుందని ఆమెకి తెలుసు. ఆమె ఆగకపోవడం చూసి కొంగగారు ఉద్యమం సమూలంగా ముగిసిందని ప్రకటించారు. గుమాస్తా ఆయనకి ఒక పీత ఇచ్చి సత్కరించాడు.

ముగిసింది ఉద్యమమే. నూర్పిడి కాదు. పనల కుప్ప ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆ సాయంత్రం దక్షిణాన మబ్బు పట్టింది. గాలి తడి తడిగా తిరిగింది. కామందుకి తేనె తరవాత ఇష్టమైనది ధాన్యమే కాబట్టి ఆ గాలికి మెలకువ వచ్చింది. కళ్లం దగ్గరికి వచ్చి ఆ ఒక్క మాట అడిగాడు.

కామందు బంతిని చూశాడు. ఆ తరవాత మేస్త్రీలని చూశాడు. మళ్లీ బంతిని చూశాడు.

"తొక్కేవాళ్లేరీ?"

గుమాస్తా సణిగాడు. ఆ నలుగురికీ గుడ్డలు విప్పితే క్షణంలో తొక్కేస్తారని నసిగాడు. కామందు కళ్లెర్రజేసి, మా తాత కట్టించిన ఆచారాన్ని విప్పమంటావా అని ఒక్కసారి గుర్రుమన్నాడు. పలుపుకి నాలుగు మెడల చోటు ఖాళీగా వేలాడుతోంది. పలుపు వేయదగ్గ మెడ ఆ కళ్లంలో పుల్లమ్మది కాక ఇంకొకటే ఉంది.

నక్క మెడకి పలుపు వేశారు. కళ్లంలోకి దిగినవాడికి చిక్కం తప్పనిసరి, అది గుమాస్తా పెట్టిన రూలే. కొత్తది, పీచు కూడా ఆరనిది తెచ్చి మూతికి బిగించారు. బరువు చాలదు, వీడు తొక్కితే గింజ రాలదు అని కామందు గొణిగాడు. అందుకు మైలడు వినయంగా ముందుకొచ్చి, వీపున రాళ్ల మూట వేస్తే సరిపోతుంది దొరా అన్నాడు. మేస్త్రీ అయ్యాక వాడు చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే. రాటకి ఆనుకుని పుల్లమ్మ, కొసన నక్క, వెనక నలుగురు మేస్త్రీలు. చెర్నాకోల కామందు తనే పట్టుకున్నాడు.

మొదటి చుట్టుకి నక్క నాలుక బయటికొచ్చింది. చిక్కంలోంచి సగమే రాగలిగింది. రెండో చుట్టుకి చెర్నాకోల తగిలింది. మూడో చుట్టులో పుల్లమ్మ మోకాళ్ల మీద పడింది. పలుపు ఒకటే కాబట్టి రాళ్ల మూటతో సహా నక్క కూడా పడ్డాడు. పడి, ఆమె మూతి వంక చూశాడు. ఇన్నాళ్లూ అదే కళ్లంలో ఉండి, అంత దగ్గర్నుంచి వాడు ఆ పుండు చూడడం అదే మొదటిసారి. ఆమె పోతే ఈ పలుపుకి తనొక్కడే మిగులుతాడని వెంటనే అర్థమైంది. నక్కకి బుర్ర తక్కువని ఎవరూ అనరు కదా.

లేచి నిలబడ్డాడు. అడుగు వేయలేదు.

"గింజ తొక్కేది మేము, నోరు కట్టేదీ మాకే. ఈ చిక్కాలు తీసేదాకా అడుగు పడదు," అన్నాడు.

నా ముక్కులోని గింజ జారి కింద పడింది. మైలడు, చుక్కడు, గిత్తలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఆ మాట వాళ్లది. పోగొట్టుకున్న చోటే వేరేవాడి నోట్లోంచి వినబడితే ఎలా ఉంటుందో వాళ్ల మొహాలు చూస్తే తెలిసింది. ఎవరూ హై అనలేదు.

ఇంతలో వాన రానే వచ్చింది. వచ్చి పెద్దగా ఉండలేదు గాని, పరిచిన పనలన్నీ నానబెట్టి పోయింది. కామందు తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు నక్క తన పాత గొంతు తీశాడు, ఆ దివాణం గొంతు.

"కామందుగారూ, తడిసిన గింజ తెల్లారేసరికి మొలకెత్తుతుంది. అమ్మితే కొనేవాడు లేడు. చిక్కాలు తీయించండి, తొక్కుతూ తిన్నంత తింటారు. తిన్నవాళ్లు గట్టిగా తొక్కుతారు, అడుగున పొడిగా ఉన్న గింజైనా తమకి దక్కుతుంది. మూతి కట్టిన పశువు తొక్కేది తక్కువని నాకు ఎప్పుడో తెలుసు."

ఎప్పుడో తెలుసట. ఆ మాట విన్న పుల్లమ్మ తల తిప్పి వాడి వంక ఒకసారి చూసింది. మైలడు ఎండలో గొంతు చించుకున్నా వినపడని మాట, దివాణం భాషలో చెప్పగానే కామందుకి వినపడింది. పైగా పాడైన గింజ కదా, పెట్టడానికి చెయ్యి బాగానే వచ్చింది. చిక్కాలు తీసేయమన్నాడు. ఆయన దివాణంలో ఒకసారి జరిగిందల్లా ఆచారమే కాబట్టి ఆ కళ్లంలో మళ్లీ ఎవరి మూతికీ చిక్కం పడలేదు. వాళ్ల ఆకలిని గెలిపించింది న్యాయం కాదు, నానిన గింజ. అయినా గెలుపు గెలుపే, నేను కాదనను.

నానిన గింజ మెత్తగా ఉంటుంది. పుల్లమ్మ మొదటి గింజ నాలుకతో అందుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. తరవాత నమిలింది. నేను ఆ వేళ మిగతా కాకుల్ని కళ్లం దరిదాపులకి రానివ్వలేదు.

నూర్పిళ్లు అయిన మర్నాడు తోడేలు బేరగాడు వచ్చాడు. పుల్లమ్మ రాట పక్కన నాలుగు కాళ్ల మీదా నిలబడి నెమరేస్తోంది. వాడు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, తోక ఊపి, ఉత్త చేతులతో గట్టెక్కి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. కాకికి ఏడుపేమిటని నవ్వకండి.

కొంగగారు పరిశోధన ముగించాలి కదా, చివరిసారి కళ్లం అంచుకి వచ్చారు. నూర్పిళ్లయినా ఎవరూ విప్పక పలుపుకే వేలాడుతున్న నక్కని తల ఒక పక్కకి వాల్చి అడిగారు, మీ నాయకుడెవరని. నక్క రొప్పుతూ, ఎవరూ లేరన్నాడు. కొంగగారి కళ్లు మెరిశాయి. ఆ జవాబుని ఆయన ఎంతమంది నోట విన్నారో మీకు తెలుసు. బురదలో బొమ్మంతా చెరిపేసి, కొసన ఒకే ఒక్క పెద్ద చుక్క పెట్టి, కామందు దగ్గరికి నడిచారు. అసలు వేరు ఇన్నాళ్లకి దొరికిందని, మొదటినుంచీ చిక్కాల ఉద్యమాన్ని నడిపించింది గుమాస్తాయేనని, మిగతావాళ్లంతా వాడు ఆడించిన బొమ్మలేనని నిరూపించారు. దివాణం భాషలో మాట్లాడింది వాడే కదా, నిరూపణ ఎంతసేపు.

నక్క ముఖం వెలిగిపోయింది. నాయకుడని తేలితే ఏం కడతారో ఆ కళ్లంలో అందరికంటే బాగా తెలిసినవాడు వాడే. అవును దొరా నేనే, మొదటినుంచీ నేనే అని మెడ చాచాడు.

కామందు ఎర్రగుడ్డ తెప్పించాడు. దాన్ని రెండు చేతులా పట్టుకుని వచ్చి నక్క ముందు నిలబడ్డాడు. తల మీద ఇటు చూశాడు, అటు చూశాడు. చెవుల మధ్య తడిమాడు. చెవులకి కట్టడమా? ఆచారంలో చెవుల మాట లేదు. గుడ్డ కొమ్ములకే కట్టాలి.

కాసేపు అలాగే నిలబడి, గుడ్డ భుజాన వేసుకుని, ఆవలిస్తూ వెళ్లి పడుకున్నాడు.

ఇప్పటికీ ఆ కళ్లంలో లోపలి చోట పుల్లమ్మ, బయటి కొసన నక్క. మధ్యలోకి వేరే కళ్లాలనుంచి పశువుల్ని తెచ్చి కట్టారు. నీళ్లు వేళకి రావడం లేదని, మధ్యాహ్నం కాస్త నీడకి విప్పాలని, రాళ్ల మూట తీయాలని నక్క రోజూ అడుగుతూనే ఉంటాడు. చాలా బాగా అడుగుతాడు. ఒకరోజు, నాకే ఎందుకిలా నోరు ఊరుకోదు పుల్లమ్మత్తా అని అడిగాడు. ఆమె గింజ నములుతూ, నీ చోటు అలాంటిది నాయనా అంది.

అడిగే నోటిని ఎన్నిసార్లు మార్చినా, అడిగించే చోటు ఉన్నంతకాలం అడగడం ఆగదు.